డిగ్రీలో నూరో వంతు కోసం నాలుగున్నర దశాబ్దాలు

ఏడాదికి 0.015 డిగ్రీల సెల్సియస్. అమెరికాలోని హంట్స్‌విల్‌లో ఉన్న అలబామా విశ్వవిద్యాలయం బృందం లెక్క ప్రకారం, 1979 నుంచి భూమిని ఆనుకుని ఉన్న గాలి వేడెక్కుతున్న వేగం ఇది. మే నెలలో తెలంగాణలో తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ మధ్యే పది, పన్నెండు డిగ్రీల తేడా కనబడుతుంది. దాని ముందు ఈ అంకె ఏపాటిదనిపిస్తుంది. కానీ 45 ఏళ్లకు కలిపితే ఇది 0.68 డిగ్రీలవుతుంది. అది కూడా ఏ ఒక్క ఊరిలోనో కాదు, దాదాపు భూగోళమంతటా, కొన్ని కిలోమీటర్ల మందాన ఉన్న గాలి మొత్తానికి.

కాలిఫోర్నియాలోని శాంటా రోసాలో రిమోట్ సెన్సింగ్ సిస్టమ్స్ అనే మరో సంస్థ ఉంది. అదీ దాదాపు అవే ఉపగ్రహాల సమాచారాన్ని తీసుకుంటుంది. దాని లెక్కలో వేగం ఏడాదికి సుమారు 0.022 డిగ్రీలు, అంటే 45 ఏళ్లకు ఇంచుమించు ఒక డిగ్రీ. ఉపగ్రహాలు ఒకటే అయినప్పుడు అంకెలు రెండెందుకు? తేడా ఎక్కడ పుడుతుందో తెలిస్తే, ఏ అంకెను ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

ఆక్సిజన్ పంపే సంకేతం

ఉపగ్రహంలో గాలిని తాకే థర్మామీటర్ ఏదీ ఉండదు. అది తిరిగేది 800 కిలోమీటర్లకు పైన. అక్కడి నుంచి అది పట్టుకునేది గాలిలోని ఆక్సిజన్ అణువులు వెదజల్లే మైక్రోవేవ్ కిరణాలను. 50 నుంచి 60 గిగాహెర్ట్జ్ మధ్య ఆక్సిజన్ ఈ కిరణాలను బాగా పీల్చుకుంటుంది, బాగా వెలువరిస్తుంది. గాలి ఎంత వేడిగా ఉంటే కిరణాల తీవ్రత అంత ఎక్కువ. పైగా గాలిలో ఆక్సిజన్ వాటా ఎక్కడైనా దాదాపు 21 శాతమే. కాబట్టి తీవ్రతలో తేడా వస్తే అది ప్రధానంగా వేడిలో వచ్చిన తేడాయే. ఈ కిరణాలకు చాలా మేఘాలు పెద్దగా అడ్డు కాకపోవడం మరో వెసులుబాటు.

ఏ ఎత్తు గాలిని కొలుస్తున్నామన్నది ఎంచుకున్న ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 53.74 గిగాహెర్ట్జ్ దగ్గర వచ్చే సంకేతంలో ఎక్కువ భాగం నాలుగైదు కిలోమీటర్ల ఎత్తు చుట్టూ ఉన్న గాలిది. 57.95 దగ్గర వచ్చేది 17 కిలోమీటర్ల చుట్టుపక్కల గాలిది. మన వాతావరణమంతా జరిగే ట్రోపో ఆవరణం మొదటిదానిలో, దాని పైనున్న స్ట్రాటో ఆవరణం రెండోదానిలో కనిపిస్తాయి. అయితే ప్రతి సంకేతమూ ఒక మందపాటి పొర మొత్తం సగటే, ఒక్క ఎత్తులోని గాలి వేడి కాదు. తర్వాత వచ్చిన చిక్కుల్లో కొన్నింటికి మూలం ఇక్కడే ఉంది.

ఇలాంటి పరికరంతో టైరోస్–ఎన్ ఉపగ్రహం 1978 అక్టోబర్‌లో కక్ష్యలోకి వెళ్లింది. దాన్ని తయారు చేసింది రోజువారీ వాతావరణ అంచనాల కోసం. రేపటి వానను అంచనా కట్టడానికి అర డిగ్రీ తేడా పెద్ద లెక్క కాదు. ఈ సమాచారం నుంచే దశాబ్దాల ధోరణిని కూడా రాబట్టవచ్చని 1990 మార్చిలో సైన్స్ పత్రికలో చూపించినవారు రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ. వాతావరణ మార్పును కొలవడానికి కొత్త దారి వేసిన పని అది.

పదకొండు లక్షల కొలతలు తీర్చలేని లోపం

పాత పరికరం 25.6 సెకన్లకొకసారి ఈ పక్క నుంచి ఆ పక్కకు చూస్తూ 11 చోట్ల కొలిచేది. ఆ లెక్కన రోజుకు సుమారు 37 వేల కొలతలు, నెలకు 11 లక్షలు. ఒక్కో కొలతలో పరికరం వల్ల వచ్చే తడబాటు దాదాపు 0.3 డిగ్రీలు. అయితే ఈ తడబాటు ఒకసారి ఎక్కువ వైపు ఉంటే మరోసారి తక్కువ వైపు ఉంటుంది. అందుకే సగటు తీసినప్పుడు, కొలతల సంఖ్యకు వర్గమూలం ఎంతో అన్ని రెట్లు తగ్గుతుంది. 11 లక్షల వర్గమూలం వెయ్యికి కాస్త పైన. అంటే 0.3 కాస్తా 0.0003 అవుతుంది. ఇక్కడితో సమస్య తీరినట్టే కనిపిస్తుంది.

ఒకే వైపు మెల్లగా జరిగే లోపం మాత్రం సగటుకు లొంగదు. కిరాణా కొట్టులో తూకపు రాయి ఏటా కొద్దిగా అరిగిపోతూ ఉంటే, అదే బస్తాను వెయ్యిసార్లు తూచినా సరైన బరువు తేలదు. ఇక్కడ మనం వెతుకుతున్న మార్పు ఏడాదికి 0.015 డిగ్రీలు. పరికరం ఏడాదికి 0.01 డిగ్రీ చొప్పున ఒకవైపు జరిగితే చాలు, అసలు ధోరణిలో మూడింట రెండు వంతులు మాయం కావచ్చు, లేదా లేని ధోరణి పుట్టుకురావచ్చు. ఉపగ్రహ ఉష్ణోగ్రతల చరిత్రంతా ఇలాంటి లోపాలను ఒక్కొక్కటిగా పట్టుకున్న చరిత్రే.

జారిన కక్ష్య, జారిన గడియారం

మొదట దొరికింది ఎత్తు లోపం. 800 కిలోమీటర్లకు పైన కూడా కాస్త గాలి ఉంటుంది. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో పై వాతావరణం వ్యాకోచించి ఆ గాలి చిక్కబడుతుంది. దాని రాపిడికి ఉపగ్రహాలు సగటున ఏడాదికి దాదాపు కిలోమీటరు కిందికి దిగుతూ వచ్చాయి. కింది ట్రోపో ఆవరణం వేడిని అప్పట్లో నిట్టనిలువు చూపుకీ ఏటవాలు చూపుకీ మధ్య తేడా నుంచి లెక్కగట్టేవారు. ఎత్తు తగ్గితే ఏటవాలు కోణం మారుతుంది. దాంతో గాలి చల్లబడుతున్నట్టు తప్పుడు లెక్క వస్తుంది. 1998లో నేచర్ పత్రికలో ఫ్రాంక్ వెంట్జ్, మాథియాస్ షాబెల్ దీన్ని బయటపెట్టారు. ఈ ఒక్క సవరణతో దశాబ్దానికి −0.05గా ఉన్న ధోరణి +0.07 అయింది. చల్లబడుతోందన్న లెక్క కాస్తా వేడెక్కుతోందన్న లెక్కగా మారింది.

ఎత్తు సవరించాక గడియారం లోపం మిగిలింది. ఈ ఉపగ్రహాలు ప్రతి చోటా రోజూ ఒకే స్థానిక సమయానికి వెళ్లాలన్నది ఏర్పాటు. కానీ కక్ష్యను సరిదిద్దుకునే ఇంధనం చాలావాటికి లేదు. 1988లో బయల్దేరిన నోవా–11 మొదట్లో మధ్యాహ్నం రెండు గంటల లోపే దాటేది, 1994 నాటికి సాయంత్రం ఐదు గంటల ప్రాంతానికి జారింది. మధ్యాహ్నపు గాలినీ సాయంత్రపు గాలినీ పోల్చి చల్లబడిందనుకుంటే అది వాతావరణ మార్పు కాదు, గడియారం మార్పు. దీన్ని హంట్స్‌విల్ బృందం సవరించింది, కానీ కింది పొర విషయంలో సవరణ గుర్తు తారుమారైందని కార్ల్ మియర్స్, వెంట్జ్ 2005లో చూపించారు. హంట్స్‌విల్ బృందానికి చెందిన క్రిస్టీ, స్పెన్సర్ ఆ తప్పును ఒప్పుకుని సరిదిద్దారు. దశాబ్దానికి 0.035 డిగ్రీలు కలిశాయి, వారి ధోరణి 0.12 దాటింది.

ఇక పరికరం లోపల వచ్చే మార్పు. ప్రతిసారీ పరికరం రెండు ఆధారాలను చూసి తనను సరిచూసుకుంటుంది. ఒకటి 2.7 కెల్విన్ల చల్లదనంతో ఉండే ఖాళీ అంతరిక్షం, రెండోది ఉపగ్రహంలోనే ఉన్న వెచ్చని పలక. ఎండ తగిలే తీరు మారి ఆ పలక వేడి మారినప్పుడల్లా కొలతలో చిన్న పొరపాటు తోడవుతుంది. దాన్ని తీసేయడానికి ఒకే సమయంలో తిరుగుతున్న రెండు ఉపగ్రహాలను ఎదురెదురుగా పోల్చాలి. ఆ రెండూ విభేదిస్తే దేన్ని నమ్మాలి? 2000 ప్రాంతంలో పాత పరికరమున్న నోవా–14, కొత్త పరికరమున్న నోవా–15 ఇలాగే విభేదించాయి. హంట్స్‌విల్ బృందం కొత్తదాని వైపు మొగ్గింది, శాంటా రోసా బృందం రెండింటినీ ఉంచింది. ఏడాదికి 0.015, 0.022 అనే రెండు అంకెల మధ్య దూరంలో కొంత ఈ నిర్ణయం నుంచే వచ్చింది.

2017లో శాంటా రోసా బృందం తన గడియారపు సవరణను మెరుగుపరిచినప్పుడు వారి కింది పొర ధోరణి 36 శాతం పెరిగి, దశాబ్దానికి 0.184 డిగ్రీలకు చేరింది. అంతకు రెండేళ్ల ముందు హంట్స్‌విల్ బృందం పద్ధతి మార్చినప్పుడు వారి ధోరణి 0.14 నుంచి 0.11కు తగ్గింది. అంటే సవరణలన్నీ ఒకే వైపు జరగలేదు.

పై పొర చల్లదనం కిందికి కారితే

సంకేతం మందపాటి పొర సగటని ముందే చెప్పుకున్నాం. నాలుగైదు కిలోమీటర్ల చుట్టూ ఉన్న గాలిని చూసే ఛానల్లో పదోవంతుకు పైగా సంకేతం స్ట్రాటో ఆవరణం నుంచి వస్తుంది. ఆ పైపొర ఈ కాలంలో చల్లబడుతూ వచ్చింది. దాని చల్లదనం కింది వేడిలో కలిసి అసలు ధోరణిని కొంత మింగేసింది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన చియాంగ్ ఫు బృందం 2004లో పై ఛానల్‌ను ఆసరా చేసుకుని ఈ వాటాను తీసేసే పద్ధతి చెప్పింది. అందుకే ఉపగ్రహ ధోరణి అని ఒక అంకె కనబడితే అది ఏ పొరదో, ఈ సవరణ చేశారో లేదో ముందు చూడాలి. రెండు వేర్వేరు పొరల అంకెలను పక్కపక్కన పెట్టి ఎవరో తప్పు చేశారనడం సరికాదు.

ఇతర సాక్షులు

ఉపగ్రహాలకు ముందు నుంచే బెలూన్లున్నాయి. వాతావరణ శాఖలు రోజూ రేడియోసాండ్ పరికరాలను గాలిలోకి వదులుతాయి. వాటిలోనూ ఒక లోపం దొరికింది. పాత సెన్సర్లు పగటి ఎండకు కొద్దిగా వేడెక్కేవి. తర్వాతి తరం పరికరాల్లో ఎండ ప్రభావం తగ్గేసరికి, గాలే చల్లబడినట్టు లెక్క వచ్చింది. స్టీవెన్ షెర్వుడ్ బృందం దీన్నీ 2005లోనే చూపింది.

అరిగిపోని కొలమానం మరొకటి ఇప్పుడు చేతికొచ్చింది. జీపీఎస్ ఉపగ్రహం పంపిన రేడియో సంకేతం వాతావరణం అంచు గుండా వెళ్లేటప్పుడు వంగుతుంది. ఎంత వంగిందో చూసి గాలి సాంద్రతనూ, దాని నుంచి వేడినీ లెక్కిస్తారు. ఇక్కడ కొలిచేది కాలాన్ని, అదీ పరమాణు గడియారాలతో. అందువల్ల పరికరం పాతబడి లోపం పేరుకుపోయే ప్రమాదం చాలా తక్కువ. ఎనిమిది నుంచి పాతిక కిలోమీటర్ల మధ్య ఈ పద్ధతి బాగా నమ్మదగినది. ఉష్ణమండలం మీద ఇలా కొలిచే ఇటలీ పరికరాన్ని మోసుకుని భారత్, ఫ్రాన్స్‌ల ఉమ్మడి ఉపగ్రహం మేఘా–ట్రాపిక్స్ 2011 అక్టోబర్ 12న శ్రీహరికోట నుంచి వెళ్లింది. తిరుపతి దగ్గరి గాదంకిలో ఉన్న నేషనల్ అట్మాస్ఫియరిక్ రీసెర్చ్ లేబొరేటరీ రాడార్‌తో, బెలూన్లతో ఇదే ఉష్ణమండల గాలిని కింది నుంచి పరిశీలిస్తోంది. పై నుంచి చూసే కన్నుకు ఇలాంటి కింది సాక్ష్యం తోడవ్వాల్సిందే.

వివాదం దాటి నిలిచిన అంకెలు

ఇన్ని సవరణల తర్వాత మిగిలిందేమిటి? దశాబ్దానికి 0.15 డిగ్రీలా, 0.22 డిగ్రీలా అన్న తేడా మిగిలింది. రెండూ వేడెక్కడమే చెబుతున్నాయి. ఇదే కాలానికి నేలమీది థర్మామీటర్లు చూపే వేగం సుమారు 0.2. హంట్స్‌విల్ పట్టికలో కూడా అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024. ఆ ఏడు 1991–2020 సగటు కన్నా 0.77 డిగ్రీలు ఎక్కువ. ఎల్ నినో మండించిన 1998లో ఆ తేడా 0.35 దగ్గర ఆగింది.

ఇంతకన్నా గట్టి ఆధారం పైపొరలో ఉంది. సూర్యుడి తేజస్సు పెరగడం వల్లే భూమి వేడెక్కుతుంటే కింది పొరా పై పొరా రెండూ వేడెక్కాలి. కార్బన్ డై ఆక్సైడ్ పెరిగితే కింద వేడెక్కి, పైన చల్లబడాలి. పలుచని పైగాలిలో పెరిగిన కార్బన్ డై ఆక్సైడ్ తాను పీల్చుకునే దానికన్నా ఎక్కువ వేడిని అంతరిక్షంలోకి వదిలేస్తుంది. స్యుకురో మనాబే, రిచర్డ్ వెదరాల్డ్ 1967లోనే, ఈ ఉపగ్రహాలేవీ లేని రోజుల్లోనే, ఈ మాట లెక్కగట్టి చెప్పారు. 1986 నుంచి 2022 వరకు స్ట్రాటో ఆవరణం మధ్య, పై భాగాలు సుమారు రెండు డిగ్రీలు చల్లబడ్డాయని ఉపగ్రహాలు చూపించాయి. కింద పదో వంతుల్లో వాదన సాగుతుండగా పైన డిగ్రీల్లో జవాబు వచ్చింది. స్ట్రాటో ఆవరణం కింది భాగం చల్లబడటంలో మాత్రం ఓజోన్ తరుగుదలకు పెద్ద వాటా ఉంది. ఓజోన్‌ను తినే రసాయనాలకు అడ్డుకట్ట పడ్డాక, 1990ల చివరి నుంచి అక్కడ ఆ జోరు తగ్గింది.

ఈ పరికరాలు నిజంగా చూడగలవని 1991 జూన్‌లో పినటుబో అగ్నిపర్వతం పరీక్ష పెట్టి మరీ చూపింది. అది ఎగజిమ్మిన గంధకపు తుంపర వల్ల స్ట్రాటో ఆవరణం కింది భాగం దాదాపు డిగ్రీ వేడెక్కింది, ట్రోపో ఆవరణం ఆ తర్వాత చల్లబడింది. రెండూ పట్టికల్లో స్పష్టంగా కనిపిస్తాయి.

తేలని ప్రశ్న ఒకటి ఇంకా ఉంది, అది మనం బతికే ఉష్ణమండలానిదే. ఇక్కడ సముద్రం నుంచి లేచిన ఆవిరి పైన నీరుగా మారేటప్పుడు వేడిని వదులుతుంది. కాబట్టి నేలకన్నా పై గాలి ఎక్కువ వేడెక్కాలి. అలా జరుగుతోంది కానీ, చాలా కంప్యూటర్ నమూనాలు చెప్పినంతగా కొలతల్లో కనబడటం లేదు. పసిఫిక్ సముద్రపు సహజ ఒడిదుడుకుల వాటా ఎంత, నమూనాల లోపమెంత, కొలతల లోపమెంత అన్న పరిశోధన సాగుతోంది.

అంకె చదివే ముందు

ఏ పొర, ఏ బృందం, ఏ ఏడు నుంచి ఏ ఏడు వరకు అన్న మూడు ప్రశ్నలకు జవాబు లేని ధోరణిని నమ్మకూడదు. 1998 శిఖరం నుంచి మొదలుపెట్టి పదిహేనేళ్లు చూసినవారికి గీత దాదాపు చదునుగా కనబడింది. 1979 నుంచి చూస్తే అది ఎగువాలుగా సాగుతోంది. పదిహేనేళ్లలో ఎల్ నినోలదే పైచేయి, నలభై ఐదేళ్లలో వాటి ఒడిదుడుకులు సర్దుకుపోతాయి.

ఈ పొడవైన గీత ఎవరో ఒక్కరు గీసింది కాదు. ఒక ఉపగ్రహం ఆగేలోగా మరొకటి వచ్చి, కొన్నాళ్లు రెండూ కలిసి తిరిగి, ఒకదాని లోపాన్ని మరొకటి చూపించినందువల్లే అది నిలిచింది. 1998లో వెళ్లిన నోవా–15 ఇరవై ఏడేళ్లు పనిచేసి 2025 ఆగస్టులో ఆగింది. అదే నెలలో ఐరోపా తన కొత్త తరం మెటాప్ ఉపగ్రహాన్ని, కొత్త మైక్రోవేవ్ పరికరంతో పంపింది. ఇలాంటి పరికరాలకు పెట్టే ఖర్చును వృథా అనుకోకూడదు. ఒక ఏడాది గాలిని ఆ ఏడాదే కొలవాలి. కొలవకుండా పోయిన ఏడాదిని తర్వాత ఎంత డబ్బు పోసినా ఎవరూ కొలవలేరు.