ఏడో వారం మనిషి

పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయి గంటసేపు కూర్చుంటాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని వస్తాడు, పెద్దలకు నమస్కారం పెడతాడు, అడిగినదానికి నవ్వుతూ జవాబు చెబుతాడు. ‘పిల్లోడు కలుపుగోలు మనిషి’ అని ఆడపిల్లవారు మురిసిపోయినా సంబంధం అక్కడితో ఖాయం కాదు. రెండ్రోజులు తిరక్కుండా ఇంటి పెద్దల్లో ఒకరు అబ్బాయి ఊరికి బస్సెక్కుతారు. కర్నూలు జిల్లాలో ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు వైపు ఈ పనికి పెద్ద పేరేమీ లేదు. ‘ఒక మాట కనుక్కొని రాండి’ అంటారు, అంతే. ఆ వెళ్లినాయన టీకొట్టు దగ్గర కూర్చుంటాడు, ఎరువుల అంగట్లో బాకీల సంగతి కదిలిస్తాడు, ఎదురింటి అరుగు మీద ముసలమ్మను పలకరిస్తాడు. అబ్బాయి ఎంత బాగా మాట్లాడతాడని ఎవరినీ అడగడు. తీసుకున్నది తిరిగిస్తాడా, తాగి వచ్చిన రాత్రి అమ్మతో ఎలా ఉంటాడు, తమ్ముడితో పొలం గట్టు దగ్గర తగాదా ఉందా అని అడుగుతాడు. ఒకే మనిషికి ఇలా రెండు పరీక్షలు పెట్టడం మన పెద్దల అనుమానపు బుద్ధి అని నవ్వుకునేవాళ్లున్నారు. ఎలాంటి స్వభావం ఉన్నవాళ్లు ఎదుటివారికి ముచ్చటగా కనిపిస్తారన్న ప్రశ్న మీద మనస్తత్వ శాస్త్రం ఇన్నేళ్లూ కుస్తీపట్టి తేల్చుకున్నదాంట్లో సగం మాత్రం ఈ అనుమానంలోనే ఉంది. ఎంతసేపు చూసిన కళ్లకు అన్నది తేల్చకుండా ఎవరు ఆకర్షణీయులో చెప్పడం కుదరదు.

మనుషులను రకాలుగా విడగొట్టే సరదా ఇప్పుడు ఫోన్లలో జోరుగా సాగుతోంది. నాలుగు ఇంగ్లిష్ అక్షరాల ముద్ర వేసుకుని ‘నేను ఫలానా టైపు’ అని చెప్పుకునే కుర్రకారు కాలేజీకి పదిమంది తగులుతారు. మనస్తత్వవేత్త కార్ల్ యుంగ్ 1921లో రాసిన పుస్తకాన్ని ఆధారం చేసుకుని క్యాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ అల్లిన పదహారు గళ్ల పట్టిక అది. కొన్ని వారాల తర్వాత అదే పరీక్ష మళ్లీ రాస్తే చాలామంది వేరే గడిలో తేలతారు కాబట్టి పరిశోధకులు దాన్ని పెద్దగా నమ్మరు. వాళ్లు గళ్లు మానేసి ఐదు గుణాలను కొలుస్తారు: నలుగురిలో కలిసే చొరవ, ఎదుటివారి పట్ల మెత్తదనం, పని మీద శ్రద్ధ, మనసుకు కలిగే కలత, కొత్తదనం మీద ఆసక్తి. ఈ ఐదూ ఒకేసారి బయటపడవు. చొరవ రెండు నిమిషాల్లో కనిపిస్తుంది. గొంతులో, నడకలో, చేతుల ఊపులో ఉంటుంది. శ్రద్ధ కనిపించాలంటే ఒక పని అప్పజెప్పి, గడువు దాటేదాకా ఆగాలి. మెత్తదనం నిజమైనదో కాదో ఆ మనిషికి నష్టం వచ్చిన రోజున తెలుస్తుంది. తొలి చూపులో మార్కులన్నీ చొరవకే పడడానికి కారణం అది గొప్ప గుణం కావడం కాదు. ఆ పూట పరీక్షకు హాజరైంది అదొక్కటే.

జర్మనీకి చెందిన మిత్యా బాక్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనం దీన్ని ఇంకా గట్టిగా చూపింది. ఒకరినొకరు ఎరగని 73 మంది కొత్త విద్యార్థులను ఒకచోట కూర్చోబెట్టారు. ఒక్కొక్కరు ముందుకొచ్చి రెండు ముక్కల్లో పరిచయం చేసుకోవాలి, మిగిలినవాళ్లు అప్పటికప్పుడే అతను నచ్చాడో లేదో రాయాలి. తానంటే తనకు మహా మోజున్న ఆత్మారాధకులే ఎక్కువ నచ్చారు. వాళ్ల మెరిసే బట్టలు, తొణక్కుండా నిలబడే తీరు, నవ్వు, చమత్కారం పనిచేశాయి. అన్నీ తనకే దక్కాలని, ఎదుటివాణ్ని వాడుకోవాలని చూసే గుణం ఎక్కువున్నవాళ్లు ఆ తొలి నిమిషాల్లో మరీ ముద్దొచ్చారు. కాలం గడిచాక ఏమవుతుందో కెనడాలో డెల్‌రాయ్ పాల్హస్ 1998లోనే చూపించాడు. చిన్న చిన్న గుంపులను వారానికోసారి 20 నిమిషాల చొప్పున ఏడు వారాలు కలిపి కూర్చోబెట్టాడు. తమను తాము పెంచి చెప్పుకునేవాళ్లు మొదటి వారం తెలివైనవాళ్లుగా, సరదా మనుషులుగా పేరు తెచ్చుకున్నారు. ఏడో వారానికి అదే గుంపు వాళ్లను డాంబికులని, కయ్యానికి కాలుదువ్వేవాళ్లని రాసింది. మొత్తం కలిపి రెండు గంటల ఇరవై నిమిషాల పరిచయం, అంతే. ఆస్పరిలాంటి మండల కేంద్రంలో ఒక మనిషిని ఇంకొక మనిషి నలభై ఏళ్లు చూస్తాడు.

పొద్దున్నే మార్కెట్‌కొచ్చే టమోటా బాక్సు ఇలాంటిదే. పైవరసలో నున్నటి ఎర్రకాయలు పేర్చడం అందరికీ తెలిసిన విద్య, దారిన పోయే కారువాడు వాటిని చూసే బేరమాడతాడు. రోజూ కొనే వ్యాపారి మాత్రం చెయ్యి అడుగుదాకా పోనిచ్చి, ఒక కాయ నొక్కి చూసి, అప్పుడు రేటు చెబుతాడు. మనుషుల విషయంలో ఊరు ఈ రెండో రకం కొనుగోలుదారు. దీనికో గట్టి ఆక్షేపణ ఉంది: ఊరికి అంత ఎంపిక ఎక్కడిది? ఆదోని యార్డుకు పత్తి తెచ్చే రైతు ఏటా ఒకే కమీషన్ ఏజెంటు దగ్గరికి పోతున్నాడంటే ఆయన గుణం నచ్చి కాదు, విత్తనాలకూ ఎరువులకూ ఆయన దగ్గరే అప్పు పుట్టింది కనుక. నిజమే. అప్పుతో కట్టుబడిన రాకపోకలను ఇష్టం కింద జమ వేయకూడదు. కానీ ఆ రైతుకే పదివేలు చేబదులు కావాల్సివస్తే, కూతురి పెళ్లికి ముందు నడిచే పెద్దమనిషి కావాల్సివస్తే ఎవరి గడప తొక్కుతాడో చూడాలి. అక్కడ ఎంపిక ఉంది. అక్కడ తరచూ తలుపు తెరిచేది మాటకారి కాదు, ‘ఆయప్ప ఎక్కువ మాట్లాడడు గానీ...’ అని జనం వాక్యం మొదలుపెట్టే మనిషి. ఆ ‘గానీ’ తర్వాత వచ్చేదంతా ఏడో వారం తర్వాత పోగైన సమాచారం. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేతకారుల సహకార సంఘం పెట్టినప్పుడు చేరినవాళ్లు చేసిన సాహసం కూడా ఈ లెక్కలోదే. మగ్గం మీది బట్టను సంఘానికి అప్పజెప్పి, డబ్బు చేతికొచ్చేదాకా ఎదురుచూసే నేతగాడు ఉపన్యాసం విని అన్నాళ్లు ఆగడు.

తొలి చూపు మోజును ఊరు ఎలా నిలదీస్తుందో చూడాలంటే ఆస్పరి మండలంలోని కైరుప్పలకు ఉగాది మర్నాడు వెళ్లాలి. పిడకల సమరం పేరుతో టీవీల్లో ఏటా అర నిమిషం కనిపించే వేడుక అది. వెనక ఉన్నది ఒక ప్రేమకథ. వీరభద్రస్వామి, కాళికాదేవి ఒకరినొకరు ఇష్టపడ్డారు. పెళ్లి మాట వచ్చేసరికి స్వామి జాప్యం చేశాడు. అమ్మవారి తరఫువాళ్లు ‘మా పిల్లను మోసం చేశాడు’ అని మండిపడి, పేడ పిడకలతో కొట్టాలని కాచుకున్నారు. స్వామి తరఫువాళ్లు తిరగబడ్డారు. ఊరు ఇప్పటికీ ఆ రెండు పక్షాలుగా చీలుతుంది. ఇళ్లలో పోగుచేసిన పిడకలు కుప్పలుగా వచ్చి పడతాయి. కారుమంచి నుంచి రెడ్ల వంశస్థుడు గుర్రం మీద వచ్చి పూజ చేసి వెళ్లాక పిడకలు లేస్తాయి. దుమ్ములో ఎవరు ఏ పక్షమో తెలియదు. తలలు పగిలినవాళ్లు గుడిలో విభూతి పూసుకుంటారు. ఆ తర్వాత రాజీ, ఆ తర్వాతే దేవుళ్ల కల్యాణం. వీరభద్రుడి పరాక్రమాన్నీ తేజస్సునూ ఎవరూ శంకించలేదు, అమ్మవారు ఆయన్ను ఇష్టపడిందనీ కాదనలేదు. పెళ్లివారికి పట్టింది ఆయన ఆలస్యం. వరుడు దేవుడైనా సరే, మాట నిలబెట్టుకున్నాడా లేదా అని అడిగే హక్కు ఊరికుందన్న పట్టుదలే ఈ ఆచారంలో నాకు కనిపిస్తుంది. భక్తులు దీన్ని వేరే రకంగా చూడవచ్చు, అది వాళ్ల ఇష్టం.

మన ఆలంకారికులు కూడా మనుషులను రకాలుగా విభజించారు. ఓరుగల్లులో ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు కూర్చిన ప్రతాపరుద్రీయం చదువుకున్నవారికి నలుగురు నాయకులు పరిచితులే: ధీరోదాత్తుడు, ధీరోద్ధతుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు. రాముడు మొదటి రకం, పరశురాముడు రెండో రకం, వీణ పట్టుకున్న ఉదయనుడు మూడో రకం, డబ్బు పోయినా పెద్దరికం పోని చారుదత్తుడు నాలుగో రకం. ఈ నలుగురిలో ఎవరు ఎక్కువ మనోహరుడని లాక్షణికులు పోటీ పెట్టలేదు. ఏ కథకు ఏ నాయకుడు నప్పుతాడన్నదే వాళ్ల లెక్క. అంతఃపుర శృంగారం నడిచే నాటికకు ధీరలలితుడు కావాలి. లోకవ్యవహారం, బాకీలు, అపనిందలు ఉన్న ప్రకరణమనే రూపకాన్ని ధీరశాంతుడు మోస్తాడు. ఇవాళ్టి వ్యక్తిత్వ పరీక్షలవాళ్లు మరిచిపోయే సంగతి ఇదే. రకాన్ని సన్నివేశం నుంచి విడదీసి మార్కులు వేస్తే ఆ మార్కులు దేనికీ పనికిరావు.

తొలి చూపు మోజు అంత బలహీనమైతే 1983 ఎన్నికల గెలుపు ఎలా జరిగిందని ఎవరైనా అడగొచ్చు. 1982 మార్చి 29న పార్టీ పెట్టిన ఎన్టీ రామారావు తొమ్మిది నెలలకే రాష్ట్రాన్ని గెలిచారు. అప్పుడు ముఖ్యమంత్రి కుర్చీలో ఉన్నది ఈ కర్నూలు జిల్లావారే, కోట్ల విజయభాస్కరరెడ్డి. వాగ్ధాటికి పేరుపడిన నాయకుడు కాదాయన. వ్యవహారం తెలిసిన జిల్లా పెద్దమనిషి. ఖాకీ బట్టలు, చైతన్యరథం, ఆ గొంతు ముందు ఆ పెద్దరికం నిలవలేదు. ఇది తొలి నిమిషపు విజయంలా కనిపిస్తుంది గానీ కాదు. 1949 నాటి ‘మనదేశం’ నుంచి జనం ఆయన్ను చూస్తూనే ఉన్నారు. 1957లో ‘మాయాబజార్’ కృష్ణుడయ్యాక ఆ ముఖం దేవుడి పటాల పక్కకు చేరింది. రథం ఊళ్లోకి వచ్చేసరికి ఓటరుకు అది మూడు దశాబ్దాలు దాటిన పరిచయం. మాటా పలుకూ లేకపోయినా పదేపదే కనిపించే ముఖం నచ్చుతుందని 1992లో పిట్స్‌బర్గ్‌లో మోర్లాండ్, బీచ్ అనే పరిశోధకులు నిరూపించారు. ఒకే తీరుగా ఉండే నలుగురు యువతుల్లో ఒకామె తరగతికి అసలు రాలేదు, మిగతావాళ్లు 5, 10, 15 సార్లు వచ్చి ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లారు. ఎక్కువసార్లు వచ్చినామే విద్యార్థులకు ఎక్కువ నచ్చింది. ఇక పాలన మొదలయ్యాక తెరమీది పరిచయం స్థానంలో కొత్త పరిచయం వచ్చింది. 1989లో అదే రామారావు హిందూపురంలో గెలిచి, కల్వకుర్తిలో ఓడిపోయారు. విజయభాస్కరరెడ్డి 1992లో మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. ఎన్నికల్లో పార్టీ, కులం, కరువు, ధరలు అన్నీ కలిసి పనిచేస్తాయి కాబట్టి దీన్ని ఇంతకన్నా సాగదీయను.

దీన్నిబట్టి మౌనంగా ఉండేవాళ్లే మంచివాళ్లని తేల్చేస్తే అది ఇంకో మూఢనమ్మకం. మూతి ముడుచుకుని కూర్చునేవాడిలో లోతు ఉండాలని లేదు. లోపల ఏమీ లేకపోవచ్చు, కుళ్లు ఉండొచ్చు. మనస్తత్వవేత్త సోలమన్ ఆష్ 1946లో ఒక గుణాల జాబితా చదివి వినిపించాడు: తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి, ఆప్యాయుడు, పట్టుదల ఉన్నవాడు... ఇంకో గుంపుకు అదే జాబితాలో ‘ఆప్యాయుడు’ తీసేసి ‘ముభావి’ అని పెట్టాడు. ఆ ఒక్క ముక్కతో మనిషి బొమ్మే మారిపోయింది. ఏడో వారం దాకా ఆగినా ఆప్యాయత లేనివాడి తెలివి ఊరికి భయమే పుట్టిస్తుంది. మాటకారులంతా డొల్ల అనడమూ తప్పే. 2013లో ఆడమ్ గ్రాంట్ అనే పరిశోధకుడు ఫోన్లో సరుకు అమ్మే 340 మందిని పరిశీలిస్తే ఎక్కువ అమ్మింది వసపిట్టలూ కాదు, మౌనమునులూ కాదు. మాట్లాడాల్సినప్పుడు మాట్లాడి, వినాల్సినప్పుడు విన్న నడిమి రకం.

ఈ వాదానికి అన్నిటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. పై పరీక్షల్లో చాలావాటిలో కూర్చున్నది దాదాపు సమానులు, ఒకే తరగతి విద్యార్థులు. మన ఊళ్లో ఒకే గుణానికి ఒకే పేరు ఉండదు. పెద్ద కమతం ఉన్నాయన నలుగురినీ భుజం తట్టి పలకరిస్తే ‘ఎంత నిగర్వి’ అంటారు. ఆయన పొలంలో కూలికొచ్చే కుర్రాడు అంతే చొరవగా పలకరిస్తే ‘చనువు ఎక్కువైంది’ అంటారు. మగవాడు గలగలా మాట్లాడితే కలివిడి, ఆడమనిషి మాట్లాడితే నోటి దురుసు. ఎస్సీ కాలనీ కుర్రాడికి ఊరి అరుగు మీద ఏడు వారాలు కాదు, ఏడు నిమిషాలు కూర్చునే చోటు దొరకని ఊళ్లు ఉన్నాయి. కాలం అసలు స్వభావాన్ని బయటపెడుతుందనే మాట నిజమే, కాకపోతే ఆ కాలం అందరికీ ఇవ్వలేదు. అందుకే ఊరి తీర్పును నెత్తిన పెట్టుకోవడానికి నేను సిద్ధంగా లేను. నలభై ఏళ్లు చూశామంటారు గానీ కొందరిని చూడకుండానే నలభై ఏళ్లు గడిపారు.

అలాంటి కుర్రాళ్లకు బెంగళూరు ఇంటర్వ్యూ ఒక దారి తెరిచిన మాట నిజం. అక్కడ తాత పేరు అడగరు. ఇరవై నిమిషాల్లో మాట్లాడినదాన్నిబట్టి తీసుకుంటారు, అంటే చొరవ ఒక్కటే హాజరయ్యే పరీక్ష మళ్లీ ముందుకొచ్చింది. దానికోసమే స్పోకెన్ ఇంగ్లిష్, పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు పుట్టాయి. నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. కానీ లెక్క తప్పని, పని ఎగ్గొట్టని, మాట పెగలని పిల్లవాణ్ని ఆ గది ఎప్పటికీ పట్టుకోలేదు. సుగ్గికి పోయే కూలీల పద్ధతి ఇంతకన్నా మెరుగు. వానలు ఎగ్గొట్టినప్పుడు పడమటి మండలాల నుంచి గుంటూరు మిరప చేలకు వలస పోయేవాళ్లు కొత్త మేస్త్రీ తియ్యటి మాటలు విని లారీ ఎక్కరు, నిరుడు వాడి వెంట పోయొచ్చినవాళ్లను అడుగుతారు: లెక్క సరిగా తేల్చాడా, జ్వరమొస్తే ఏం చేశాడు?

అయితే ఏడో వారం దాటి నిలిచే ఇష్టం ఆ మనిషికి ఏమిచ్చిందని అడిగితే జవాబు అంత తీపిగా ఉండదు. అమెరికాలో తిమోతీ జడ్జ్ బృందం 2012లో ప్రచురించిన అధ్యయనాల్లో మెత్తటి మనుషుల సంపాదన కరకు మనుషులకన్నా తక్కువని తేలింది, మగవాళ్లలో ఆ తేడా మరీ ఎక్కువ. ఇక్కడా అంతే. ‘మెతక మనిషి, పాపం మంచోడు’ అని పేరుపడినవాడంటే అందరికీ ఇష్టం. కాబట్టే అందరూ అతని దగ్గరే అప్పు తీసుకుంటారు, అందరికన్నా చివర తీరుస్తారు. అన్నదమ్ముల పంపకాల్లో బాటకు దూరంగా ఉన్న రాళ్ల చెక్క అతని వాటాకే వస్తుంది.