మూడుకాళ్ళ కుక్కకు ఏ ఇల్లు మంచిది?

పిల్లలూ, లారీయో కారో తగిలి కాలు పోయిన వీధికుక్కను మీలో చాలామంది చూసే ఉంటారు. అటువంటివాటిని తీసుకుపోయి, వైద్యం చేయించి, తిండి పెట్టే సంరక్షణ కేంద్రాలు ఇప్పుడు మన పట్టణాలలో ఉన్నాయి. 1992లో హైదరాబాదులో అక్కినేని అమల గారు స్థాపించిన బ్లూక్రాస్ అలాంటిదే. అయితే గాయం మానిన తరువాత అసలు చిక్కు మొదలవుతుంది. చక్కని కుక్కపిల్లనైతే ఎవరో ఒకరు ముచ్చటపడి పెంచుకుంటారు. కుంటిదాన్ని, గుడ్డిదాన్ని, చెవిటిదాన్ని ఎవరికివ్వాలి?

"జాలిగలవాళ్ళకివ్వాలి!" అని మీరు వెంటనే అంటారు. జాలి ఉండవలసిందే. కాని అదొక్కటే చాలదు. మా వీధిలో జరిగిన సంగతి చెబుతాను, వినండి.

మా వీధిలో ఒక మేడ ఉన్నది. ఆ ఇంటివారు ఎంతో దయగలవాళ్ళు. ముందరి కుడికాలు భుజం దాకా తీసివేసిన ఒక గోధుమరంగు కుక్కను వాళ్ళు తెచ్చుకున్నారు. పెరుగన్నం, మాంసం, మెత్తని పరుపు, దేనికీ లోటు చేయలేదు. అయినా నెల తిరగకుండానే ఆ కుక్క ఒక మూల పడుకుని, లేవటం మానేసింది. పిలిస్తే తోక ఆడించేది గాని, దగ్గరికి వచ్చేది కాదు. "బెంగ పెట్టుకున్నది" అన్నారు కొందరు. "దిష్టి తగిలింది" అన్నారు మరికొందరు. పశువుల డాక్టరు వచ్చి ముందుగా కుక్కను చూడలేదు, నేలను చూశాడు. అది అద్దంలా మెరిసే గ్రానైటు నేల!

దీనిలో కిటుకు ఏమిటంటే, కుక్క నిలబడినప్పుడు దాని బరువులో నూటికి 60 వంతులు ముందుకాళ్ళ మీద, 40 వంతులు వెనకకాళ్ళ మీద పడుతుంది. ముందుకాలు ఒకటి పోతే, అది మోసే బరువులో చాలాభాగం రెండో ముందుకాలి మీదికి వస్తుంది. అడుగు వెయ్యటానికి ఆ కాలు కాస్తా ఎత్తితే, ముందువైపు ఆసరాయే ఉండదు. అందుకే అటువంటి కుక్క గెంతుతూ నడుస్తుంది. నున్నని నేల మీద గెంతితే జారక ఏం చేస్తుంది? రెండుమూడు సార్లు పడిన తరువాత దానికి లేవాలంటేనే భయం పట్టుకున్నది. పైగా ముద్దుకొద్దీ తెగ మేపటంచేత బాగా లావెక్కింది. ఒళ్ళు పెరిగినకొద్దీ ఉన్న కాళ్ళ కీళ్ళు త్వరగా అరుగుతాయి. మూడుకాళ్ళ కుక్కకు తిండి తూచి పెట్టటమే దానికి చేసే పెద్ద ఉపకారం.

వాళ్ళు నేల మీద గోనెపట్టాలు పరిచి చూశారు. కాని అందరూ మసిలేది పై అంతస్తులో. మెట్లు ఇరవై పైచిలుకు. చివరకు వాళ్ళే పూనుకుని, ఊరిచివర ఉండే ఒక పెన్షను పుచ్చుకునే రైల్వే గార్డు దంపతులకు కుక్కను అప్పగించారు. వాళ్ళది రెండు గదుల ఇల్లు, గరుకు సిమెంటు నేల, వెనక మట్టి దొడ్డి. పగలంతా ఇద్దరూ ఇంట్లోనే ఉంటారు. కుక్కను పంపిన నాడు మేడ ఇంటి చిన్నమ్మాయి అన్నం ముట్టలేదు. ఇప్పుడు ఆదివారం ఆదివారం వెళ్ళి చూసి వస్తున్నది. అక్కడ అది దొడ్డిలో కాకులను తరుముతున్నది. నేను ఆ దారిన పోతే గెంతుకుంటూ గేటు దాకా వచ్చి మరీ మొరుగుతుంది. నా మీద దానికి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు!

చెవిటి కుక్క సంగతి వేరు. తెల్లరంగు ఎక్కువగా ఉండే కొన్ని జాతులలో పుట్టుచెవుడు ఎక్కువ. వెంట్రుకలకు రంగునిచ్చే కణాల వంటివే లోపలిచెవికి కూడా కావాలి. అవి లేకపోతే, కుక్కపిల్ల పుట్టిన కొద్దివారాలకే వినికిడి కణాలు చచ్చిపోతాయి. అమెరికాలో మచ్చల డాల్మేషియన్ కుక్కలను పరీక్షించినప్పుడు, సుమారు నూటికి 30 కుక్కలకు ఒక చెవిగాని రెండు చెవులుగాని వినబడవని తేలింది. ఇటువంటి కుక్క చేతిసైగలు చక్కగా నేర్చుకుంటుంది. కాని తాతయ్య ఒక విధంగా, అక్కయ్య మరొక విధంగా సైగ చేస్తే పాపం, దానికేం అర్థమవుతుంది? కారు హారను వినబడదు గనక, ప్రహరీగోడ ఉండి, గేటు మూసే అలవాటున్న ఇల్లు కావాలి. నిద్రపోతున్నప్పుడు హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరవవచ్చు. అందుచేత పాకే పసిపిల్లలున్న ఇంటికి అది అంతగా తగదు.

గుడ్డి కుక్కకు ముక్కే దిక్కు. మన ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలుంటే, దాని ముక్కులో 20 కోట్లకు పైనే ఉంటాయి. మంచం ఎక్కడ, నీళ్ళ గిన్నె ఎక్కడ అన్నది కొద్దిరోజులలోనే కంఠతా పట్టేస్తుంది. తరువాత మీరు సామాను అటూ ఇటూ జరిపారో, దానికి తల బొప్పి కట్టటం ఖాయం! ఏటేటా అద్దె ఇళ్ళు మారేవారి కంటె, పెట్టిన కుర్చీ పెట్టినచోటనే ఉంచే చాదస్తపు పెద్దవాళ్ళే దానికి నయం. మేడ మీద పిట్టగోడ లేని ఇంటికి మాత్రం పంపకూడదు.

మీ ఇంట్లో అటువంటి కుక్కను తెచ్చుకోవాలని ఉంటే, ముందు అమ్మానాన్నలతో కలిసి ఆ కేంద్రానికి రెండుమూడు సార్లు వెళ్ళండి. పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా వేశారా, మందులకు నెలకెంతవుతుంది, దేనికి భయపడుతుంది, కొన్నాళ్ళు ఇంట్లో ఉంచి చూడనిస్తారా అని అడగండి. ఒక చిన్న లెక్క కూడా వెయ్యండి. కుక్క 10 నుంచి 15 ఏళ్ళ దాకా బతుకుతుంది. ఇప్పుడు అయిదో తరగతి చదువుతున్నవాడు అప్పటికి కాలేజీ కూడా దాటి ఉంటాడు. వాడు చదువుకని వేరే ఊరు పోతే కుక్కకు అన్నం పెట్టేదెవరు? ఆ మనిషి పేరు కాగితం మీద రాసుకుని, ఆ మనిషినే అడగండి. తరువాత మేజోళ్ళు తొడుక్కుని, మీ ఇంటి నేల మీద ఈ చివర నుంచి ఆ చివరికి మెల్లిగా నడిచి చూడండి.