అక్వేరియం పాచికి ఎర్రనేల ఇనుము

గుంతకల్లు నుంచి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఐనా ఉప్పునీటి అక్వేరియంలో పాచిని అదుపు చేసే పదార్థం మన ఎర్రనేలలోనే ఉంది. అదే ఐరన్ ఆక్సైడ్.

చేపల మేతలో ఫాస్ఫేట్ ఉంటుంది. తినగా మిగిలింది కుళ్లి నీళ్లలో కలుస్తుంది, పాచికి ఎరువవుతుంది. మరి నీళ్లు మారిస్తే చాలదా? చాలదు. తొట్టిలోని రాయి కాల్షియం కార్బొనేట్; ఫాస్ఫేట్‌ను పట్టి ఉంచుకుని, నీళ్లలో తగ్గగానే మెల్లగా వదులుతుంది. అందుకే వారాల తరబడి ఓపిక పట్టాలి.

ఐరన్ ఆక్సైడ్ గుళికల గుండా నీటిని పంపితే ఫాస్ఫేట్ వాటికి అతుక్కుంటుంది. గుళికల పట్టు తగ్గాక కొత్తవి వేయాలి. చాలామంది నీళ్లలో ఫాస్ఫేట్‌ను లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉంచుతారు. పూర్తిగా తీసేయకూడదు, తొట్టిలో పెంచే పగడాలకూ కొంచెం కావాలి.

మన వేరుశనగ చేలల్లో వేసిన సూపర్ ఫాస్ఫేట్‌లో కొంత మొక్కకు అందకుండా ఎర్రమట్టి పట్టేసేదీ ఇలాగే.