తేలిక పడవకు బరువైన కమాన్లు

ధాన్యం బస్తాలు నిండిన లారీలో మిల్లు దాకా వెళ్లినవాడికి దారి పెద్దగా గుర్తుండదు. బస్తాలు దించేశాక అదే లారీ తొట్టిలో నిలబడి తిరిగొచ్చినవాడికి ప్రతి గుంతా పేరుపేరునా గుర్తుంటుంది. లారీ అదే, రోడ్డు అదే, కమాన్ కట్టలూ అవే. టన్నుల బరువు కింద ఒద్దికగా వంగిన ఇనుము ఖాళీ తొట్టి కింద వంగనని మొరాయిస్తుంది. తేలిక పడవల్ని ట్రైలర్ మీద లాక్కెళ్లేవాళ్లది ఎప్పుడూ ఈ తిరుగు ప్రయాణమే.

మా డాలస్ చుట్టుపక్కల సరస్సులకు కొదవ లేదు. వైట్ రాక్, గ్రేప్‌వైన్, లూయిస్‌విల్. వాటిని చూసీ చూసీ మా చెల్లెలి భర్తకు తెరచాప మీద మోజు పుట్టింది. వాడిన లేజర్ పడవ ఒకటి కొన్నారు. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలం గాలికి పోటీలు పడుతుంటాయే, ఆ రకం. నాలుగు మీటర్ల పైచిలుకు పొడవు, ఒట్టి పడవ బరువు 59 కిలోలు. బావగారికంటే ఇరవై కిలోలు తక్కువ. దాన్ని మోయడానికి ఆయన తెచ్చిన ట్రైలర్ మాత్రం 2,000 పౌండ్లది, అంటే సుమారు 900 కిలోలు మోసేది. ఎందుకంత అంటే, "ధరలో పెద్ద తేడా లేదు బావగారూ, గట్టిగా ఉంటే పోయేదేముంది?" అన్నారు. వందమందికి భోజనాలంటే నూటయాభై మందికి ఎసరు పెట్టే జాతి మనది, ఆయన్ననేం లాభం? మిగిలిన అన్నం మర్నాటికి పులిహోర అవుతుంది. స్ప్రింగులో మిగిలిన బలం అలా సర్దుకోదు.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. బరువు పెట్టగానే స్ప్రింగు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో కొలిచి, దాని వర్గమూలంతో 15.8ని భాగిస్తే, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో వస్తుంది. 900 కిలోలకు 75 మిల్లీమీటర్లు దిగే కట్ట అనుకుందాం. నిండు బరువుతో సెకనుకు రెండు ఊపులు కూడా ఉండవు, పల్లకీలా సాగిపోతుంది. ఇప్పుడు బావగారి సామాను. పడవ, తెరచాప, దాని కొయ్య, చుక్కాని కలిపి 80 కిలోలు. పడవను నీళ్లదాకా తోసుకెళ్లే డాలీ ఇరవై. కమాన్ల మీద కూర్చునే ట్రైలర్ చట్రం 70. మొత్తం 170 కిలోలకు ఆ కట్ట దిగేది 14 మిల్లీమీటర్లు. సెకనుకు నాలుగు ఊపులు దాటాయి. దాన్ని ఊపు అనకూడదు, చలిజ్వరం అనాలి.

అదీ స్ప్రింగు అసలు కదిలితే. కమాన్ కట్టలో పట్టీలు ఒకదానిమీద ఒకటి రాసుకుంటూ జారాలి. ఆ రాపిడే ఊపును ఆపే సాధనం కూడా. విడిగా షాక్ అబ్జార్బర్లు ఇంత చిన్న ట్రైలర్లకు సాధారణంగా ఉండవు. కానీ పైన బరువు చాలకపోతే చిన్న గతుకుకు పట్టీలు జారనే జారవు, కట్ట మొత్తం ఒకే ఇనుప దిమ్మలా ఉండిపోతుంది. పరీక్ష తేలికే. పడవ ఎక్కించి, చట్రం వెనక మూల మీద రెండు చేతులూ ఆనించి ఒంటి బరువంతా వేసి నొక్కండి. చూపు కమాన్ మీద ఉండాలి. మేం నొక్కినప్పుడు పట్టీల మధ్య తుప్పు గీత గీతలాగే ఉంది. అడుగున టైరు మాత్రం ఉబ్బి సర్దుకుంది. సస్పెన్షన్ ఉద్యోగమంతా టైరే చేస్తోందన్నమాట, జీతం కమాన్లకు పోతోంది.

కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే ముందు చూడాల్సింది టైరునే. దాని పక్కన అచ్చేసిన గాలి ఒత్తిడి గరిష్ఠ బరువుకు సంబంధించినది. తక్కువ బరువుకు ఎంత చాలో తయారీదారు పట్టికలో ఉంటుంది. పట్టిక కంటే కిందకు పోతే మాత్రం టైరు వేడెక్కి పగులుతుంది. చక్రం కొలతా ముఖ్యమే. ఎనిమిది అంగుళాల రిమ్ము బొమ్మకారుకు బాగుంటుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో అది నిమిషానికి 1,200 సార్లకు పైగా తిరుగుతుంది, పడ్డ ప్రతి గుంతలోనూ పూర్తిగా దిగుతుంది. పన్నెండు అంగుళాలది అదే గుంతను సగం దాటేస్తుంది.

ఇక రెండో రకం, టార్షన్ యాక్సిల్. చదరపు ఉక్కు గొట్టం, అందులో మరో కడ్డీ, మూలల్లో దట్టించిన రబ్బరు. చక్రం లేచినప్పుడు దాని చేయి తిరిగి, లోపలి కడ్డీ రబ్బరును మూలలకేసి నలుపుతుంది. పట్టీల రాపిడి లేదు, చిన్న గతుకుకీ పలుకుతుంది, ఏ చక్రం దారి దానిది. చప్పుడూ తక్కువ. చూస్తే ముచ్చటేస్తుంది. అయితే దాని బలం ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. సరైన బరువు చెప్పి చేయించుకుంటే తేలిక పడవకు ఇంతకు మించినది లేదు. అంగట్లో ఉన్న 2,000 పౌండ్లది తెచ్చి బిగిస్తే, కమాన్లలాగే కొయ్యబారి ఉంటుంది, పైగా సరిచేసే దారి ఉండదు. రబ్బరు ముదిరిపోతే మొత్తం యాక్సిల్ మార్చుకోవడమే.

ఉప్పునీళ్లలోకి, అంటే గాల్వెస్టన్ వైపు, తరచూ వెళ్లేవాళ్లకు నా ఓటు టార్షన్‌కే. కమాన్ పట్టీల సందుల్లో చేరిన ఉప్పును ఏ గొట్టంతో కడిగినా పూర్తిగా పోదు. మంచినీటి సరస్సులకే పరిమితమైతే కమాన్లు చాలు. బరువును మాత్రం ఊహించవద్దు, కాటా వేయించండి. స్ప్రింగుల మీద పడే బరువుకు ఒకటిన్నర, మహా అయితే రెండు రెట్లు రేటింగు చాలు. కొనేటప్పుడు ఆ అంకె ఒక్కో కట్టకా, జతకా అని అడగడం మరవద్దు. ఒక్కో కట్టకు వెయ్యి అన్నదాన్ని జతకు వెయ్యి అనుకుని తెచ్చుకున్నవాళ్లు రెట్టింపు గట్టిదనాన్ని ఇంటికి మోసుకొచ్చినట్టే.

బావగారి కట్టలో మూడు పట్టీలు. చివర చెవులున్న పెద్ద పట్టీని ముట్టుకోకుండా రెండువైపులా ఒక్కో చిన్న పట్టీ తీసేశాం. బిగువు దాదాపు మూడోవంతు తగ్గింది, మోసే బరువూ అంతే తగ్గింది. అదే పొడవులో తక్కువ రేటింగు కట్టలు కొనడం ఇంతకంటే మర్యాదైన పద్ధతి. ఆయన మాత్రం ఇప్పటికే చాలా ఖర్చయిందన్నారు. మిగిలిన పట్టీల మధ్య తుప్పు గీకి గ్రీజు పూశాం, యూ బోల్టులు బిగించాం, టైర్లలో గాలి పట్టిక ప్రకారం తగ్గించాం. ట్రైలర్ ప్లేటు మీద 2,000 అన్న అంకె అలాగే ఉంది కనుక, రేపు అమ్మేటప్పుడు ఈ సంగతి కొనేవాడికి చెప్పి తీరాలని మాట తీసుకున్నాను.

అంతకు ముందు వారం గ్రేప్‌వైన్ చేరేసరికి వెనక దీపం ఒకటి ఆరిపోయి ఉంది, కాక్‌పిట్‌లో మరిచిపోయిన చెప్పుల్లో ఒకటి దారిలో ఎక్కడో దిగిపోయింది. ఈసారి బావగారు కొత్త జత కావాలనే అక్కడ పెట్టారు. సరస్సు దగ్గర దిగి చూస్తే ఎడమది ఓ జానెడు జరిగింది. కుడిది పెట్టినచోటే ఉంది.