దొడ్డిదారి వీడి రాజమార్గాన జపాన్ బుల్లి కార్లు
పాకిస్తాన్‌లో వర్తకులకు లభించిన అనుమతి - కార్మికుల పాస్‌పోర్టుల వ్యాపారానికి తెరపడేనా?

కరాచీ, లాహోర్ వీధుల్లో పరుగులు తీసే జపాన్ బుల్లి కార్లలో అనేకం, కాగితాల ప్రకారం, వర్తకులు దిగుమతి చేసుకున్నవి కానే కావు. గల్ఫ్‌లోనో మరో విదేశంలోనో చెమటోడ్చే పాకిస్తానీ తన ఆప్తులకు పంపిన కానుకలుగానో, స్వదేశానికి వస్తూ వెంట తెచ్చుకున్న సామానుగానో అవి రేవులో దిగాయి. అసలు సంగతి వేరు. కార్మికుడి పాస్‌పోర్టును కొంత సొమ్ముకు వాడుకుని వర్తకులే వాటిని తెప్పించేవారు. ఆ కార్మికుడు తన పేరిట వచ్చిన కారును కంటితో చూసి ఉండకపోవచ్చు కూడా!

ఏళ్ల తరబడి బహిరంగ రహస్యంగా సాగిన ఈ వ్యాపారాన్ని చట్టం పరిధిలోకి తెచ్చే దిశగా పాకిస్తాన్ ప్రభుత్వం 2025 సెప్టెంబరులో కీలక నిర్ణయం తీసుకుంది. వాడిన కార్లను వాణిజ్యపరంగా దిగుమతి చేసుకునేందుకు ఆర్థిక సమన్వయ సంఘం అనుమతించింది. అంతర్జాతీయ ద్రవ్యనిధి సంస్థ రుణం వెంట వచ్చిన షరతులలో ఇదొకటి కావడం గమనార్హం.

జపాన్‌లో 'కే' తరగతిగా వ్యవహరించే ఈ వాహనాల ఇంజను సామర్థ్యం 660 సీసీకి, పొడవు 3.4 మీటర్లకు, వెడల్పు 1.48 మీటర్లకు మించరాదు. అక్కడ కొత్త కారుకు మూడేళ్లకు, ఆపైన రెండేళ్లకోసారి ఖర్చుతో కూడిన తనిఖీ తప్పనిసరి. అందువల్ల మంచి స్థితిలో ఉన్న కార్లు సైతం వేలం శాలలకు చేరుతుంటాయి. పాకిస్తాన్‌లోనూ స్టీరింగు కుడివైపే ఉండటంతో సుజుకీ ఎవ్రీ, డైహట్సు మీరా, నిస్సాన్ డేజ్ వంటివి యథాతథంగా అక్కడి రోడ్లకు సరిపోతాయి.

మధ్యతరగతికి వీటిపై మోజు కలగడానికి కారణం లేకపోలేదు. అక్కడ తయారైన సుజుకీ మెహ్రాన్, మన మారుతి 800 ఒకే ఆల్టో నమూనాకు చెందిన తోబుట్టువులు. ఆ మెహ్రాన్ పెద్దగా మార్పుల్లేకుండా 1989 నుంచి 2019 వరకు, ఎయిర్‌బ్యాగులైనా లేకుండానే, అమ్ముడుపోయింది. చివరకు 2019లో సుజుకీ అక్కడే 660 సీసీ ఆల్టో తయారీ చేపట్టింది. కానీ అప్పటికే జపాన్ కార్ల నాణ్యత జనానికి రుచి చూపింది.

సామాను, కానుక, నివాస మార్పిడి అనే మూడు పథకాలు నిజానికి ప్రవాసుల సౌకర్యార్థం ఏర్పడినవి. వాటి దుర్వినియోగాన్ని అరికట్టేందుకు, సుంకాన్ని విదేశం నుంచి బ్యాంకు ద్వారా వచ్చిన విదేశీ మారకంలోనే చెల్లించాలని 2019 జనవరిలో నిబంధన విధించారు. అయినా పాస్‌పోర్టుల వ్యాపారం ఆగలేదు.

కొత్త విధానం సైతం చిక్కులు లేనిది కాదు. 2026 జూన్ 30 వరకు ఐదేళ్లు మించని కార్లకే అనుమతి అని, అమలులో ఉన్న సుంకాలకు అదనంగా 40 శాతం చెల్లించాలని నిర్ణయించారు. ఈ అదనపు సుంకం ఏటా పది పాయింట్ల చొప్పున తగ్గుతూ 2029-30 నాటికి పూర్తిగా తొలగిపోవాలి. అంటే తొలి సంవత్సరంలో రాజమార్గాన వచ్చే వర్తకుడికే భారం ఎక్కువ, దొడ్డిదారిన వచ్చేవాడికి తక్కువ! ఈ లొసుగును గుర్తించిన ఆర్థిక సమన్వయ సంఘం 2025 డిసెంబరులో సామాను పథకాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. మిగిలిన రెండు పథకాల కింద వచ్చే కార్లను ఏడాదిపాటు ఇతరుల పేరిట బదిలీ చేయరాదని ఆంక్ష పెట్టింది.

స్వదేశీ కార్ల, విడిభాగాల తయారీదారులు ఈ మార్పును వ్యతిరేకిస్తున్నారు. పాత కార్ల వెల్లువలో తమ కర్మాగారాలు, వాటిని నమ్ముకున్న కార్మికులు కొట్టుకుపోతారన్నది వారి ఆందోళన. దశాబ్దాల సుంకాల రక్షణలో ఎదిగిన పరిశ్రమ చవకైన, భద్రమైన కారును ఎందుకు ఇవ్వలేకపోయిందన్నది కొనుగోలుదారుల ఎదురు ప్రశ్న.

ఈ విషయంలో భారత్ ఎంచుకున్న దారి వేరు. మూడేళ్లు మించిన వాడిన కార్ల దిగుమతిని మన నిబంధనలు అనుమతించవు. వచ్చేవి సైతం ముంబాయి రేవు ద్వారానే రావాలి. ఆ గోడ చాటున ఇక్కడ ఎగుమతులు చేసే స్థాయి పరిశ్రమ పెరిగింది. పాకిస్తాన్‌లో గోడ ఉన్నా, దానికి పాస్‌పోర్టు పట్టేంత కంత మిగిలిపోయింది.

కొత్త విధానం సక్రమంగా అమలైతే సామాన్యుడికి ఒరిగే మేలు స్పష్టం. కారు తెచ్చినదెవరో, లోపాలకు బాధ్యులెవరో రికార్డుల్లో ఉంటుంది. మీటరు వెనక్కి తిప్పిన కారు అంటగడితే నిలదీయడానికి, ఎక్కడో ఎడారిలో పనిచేసే కార్మికుడు కాక, ఊళ్లోని వర్తకుడే దొరుకుతాడు.