ఇంజను వేడిమియు పింగాణి పూతయు

మోటారు బండ్లపై మోజుగల యువకులు పొగగొట్టములకు పింగాణి పూత వేయించుట బెంగుళూరు నగరమునందును కలదు. దీనిచే ఇంజను చల్లబడునని పలువురి నమ్మకము. మన పిల్లలును రేపు ఇట్టి కోరికతో పెద్దల ముందు నిలువవచ్చును. ధనము వెచ్చించుటకు ముందు ఇందలి నిజానిజములను తల్లిదండ్రులు తెలిసికొనుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పెట్రోలు మండగా పుట్టు శక్తిలో, స్థూలముగా చెప్పవలెనన్న, మూడవ వంతు మాత్రమే బండిని నడుపును. ఇంకొక వంతు ఇంజను గోడల గుండా రేడియేటరు నీటిని చేరును. తక్కిన వంతు పొగతో వెడలిపోవును. ఈ పొగను మొట్టమొదట గైకొను గొట్టముల కూర్పునకు హెడరు అని పేరు. ఇంజను మిక్కిలి శ్రమించునపుడు అందలి వాయువు 600 మొదలు 900 డిగ్రీల సెంటీగ్రేడు వరకు కాగియుండును. ఆ వేడి గొట్టము నుండి వెలువడి, బానెట్టు క్రిందనున్న రబ్బరు గొట్టములను, తీగల తొడుగులను పాడుచేయును.

మన అవ్వలు వాడిన ఇనుప కుంపటిని తలచుకొందము. దాని లోపల మట్టి మెత్తుట ఎందులకు? బొగ్గుల వేడి లోపలనే నిలిచి వంటకు ఉపకరించును. ఇనుము త్వరగా చెడదు. పింగాణి పూత చేయు పనియు ఇదియే. ఇట్టి పూతలలో శ్రేష్ఠమైన జిర్కోనియాకు గల ఉష్ణవాహకత, తుప్పుపట్టని ఉక్కు వాహకతలో ఆరవ వంతునకు మించదు. అయితే దుకాణములలో చిమ్ము పూతలు మిక్కిలి పలుచనివి. వాని ఫలమును అంతమేరకే యుండును. పూత గొట్టము వెలుపలనే యున్నచో వేడి బయటికి రాక తగ్గును గాని, గొట్టపు లోహము మునుపటికంటె హెచ్చుగా కాగును. నాసిరకపు ఉక్కు అపుడు పగులవచ్చును.

పొగ చల్లారక సాగుట వలన ఒక మేలు కలదు. పొగలోని విషవాయువులను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరు సుమారు 250, 300 డిగ్రీల వేడి తగిలిన పిదపనే చక్కగా పనిచేయును. పూత వలన అది త్వరగా కాగును. కాని రేడియేటరు నీరు మరుగుచున్నచో ఈ పూత మందు కాదు. నీటి మట్టము, పంకా, థర్మోస్టాటు, కారుడు, వీనిని పరీక్షింపవలెను.

ఈ పూతకు అసలు పరీక్ష విమానములందే జరిగినది. 1976లో అమెరికాలోని నాసా సంస్థ జె-75 జెట్ ఇంజను రెక్కలపై జిర్కోనియా పూతను పరీక్షించెను. అధిక తాపమునకు తాళు రెక్కల నిర్మాణమున మనవారును వెనుకబడి లేరు. హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల ఏకస్ఫటిక లోహముతో చేసిన 60 రెక్కలను హెలికాప్టరు ఇంజను కొరకు మన నగరపు హిందూస్థాన్ ఏరోనాటిక్సు సంస్థకు అందించిన వార్త 2021లో వెలువడినది.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పూత యున్నను మోటారు సైకిలు పొగగొట్టము పిల్లల కాళ్లను కాల్చగలదు. రక్షణ కవచమును తీసివేయరాదు. కాలినచో వెంటనే 20 నిమిషములు చల్లని నీటి ధారక్రింద నుంచవలెను, మంచు పెట్టరాదు. ఉష్ణవాహకత యనగా నేమని పిల్లలడిగినప్పుడు కుంపటిని ఉదాహరణముగా చూపుడు. తెలుగున విన్న ఆ మాట వారికి చిరకాలము జ్ఞప్తియందుండును.