ల్యాప్‌టాప్ పేరు ఒకటే, ప్రాసెసర్ భాష వేరు

తిమ్మాజిపేటలో మీ సేవ కేంద్రం నడుపుకుంటూ మీరు దూరవిద్యలో డిగ్రీ చదువుతున్నారనుకోండి. వాయిదాల మీద కొత్త ల్యాప్‌టాప్ కొన్నారు. అది వేగంగా పనిచేస్తోంది, ఛార్జింగ్ చాలాసేపు నిలుస్తోంది. కాని మీ పాత వేలిముద్ర యంత్రాన్ని గుర్తించడం లేదు. రెండింటిలో ఏదీ చెడిపోలేదు. మరి కారణమేమిటి?

ఆదేశాల సమితి

కూడు, పోల్చు, నిల్వచేయి వంటి మూల ఆదేశాలు ప్రతి ప్రాసెసర్‌కూ ఉంటాయి. వాటిని 0, 1 అంకెలతో ఎలా రాయాలో నిర్ణయించేదే ఆదేశాల సమితి. దీనినే ఇన్‌స్ట్రక్షన్ సెట్ అంటారు. 1978 నాటి ఇంటెల్ 8086 నుంచి పెరిగినది ఎక్స్86 శైలి. బ్రిటన్‌లోని ఏకార్న్ సంస్థ 1985లో తొలి చిప్ తయారుచేసినది ఆర్మ్ శైలి. ఎక్స్86లో ఒక ఆదేశం 1 నుంచి 15 బైట్ల వరకు ఉండవచ్చు. 64 బిట్ల ఆర్మ్‌లో ప్రతి ఆదేశమూ 4 బైట్లే. కనుక ఒకదానికోసం తయారైన ప్రోగ్రామ్ రెండవదానికి నేరుగా అర్థం కాదు.

ఒక ఉదాహరణ

హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ 2017 నుంచి సర్ఫేస్ ల్యాప్‌టాప్‌లను అమ్ముతోంది. మొదట్లో వాటిలో ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లుండేవి. రెండూ ఎక్స్86 శైలివే. 2024 జూన్ 18న విడుదలైన ఏడవ తరంలో క్వాల్‌కామ్ వారి స్నాప్‌డ్రాగన్ ఎక్స్ వచ్చింది. ఇది ఆర్మ్ శైలి.

ఇదే సంస్థ 2012లో ఆర్మ్ ప్రాసెసర్‌తో సర్ఫేస్ ఆర్‌టీ టాబ్లెట్ తెచ్చింది. జనం వాడుతున్న పాత విండోస్ ప్రోగ్రాములు అందులో నడవలేదు. చివరకు సరుకు విలువ తగ్గించి, 2013లో 90 కోట్ల డాలర్ల నష్టాన్ని లెక్కల్లో చూపవలసి వచ్చింది.

ఈసారి విండోస్‌లో ప్రిజమ్ అనే అనువాదకం ఉంది. పాలమూరు నుంచి ముంబైకి పనికి వెళ్ళినవారికి భాష తెలిసిన మేస్త్రీ దుబాసిగా నిలిచినట్లే, ప్రిజమ్ ఎక్స్86 ఆదేశాలను అప్పటికప్పుడు ఆర్మ్ ఆదేశాలుగా మారుస్తుంది. ఇందుకు కొంత వేగం ఖర్చవుతుంది. ఆర్మ్ కోసమే తిరిగి కంపైల్ చేసిన ప్రోగ్రామ్‌కు ఆ ఖర్చు లేదు.

పరిమితి

ప్రింటర్, వేలిముద్ర యంత్రం వంటివాటిని నడిపే డ్రైవర్లను ప్రిజమ్ అనువదించదు. వాటిని ఆర్మ్ కోసం ప్రత్యేకంగా తయారుచేయవలసిందే. మీ యంత్రం పనిచేయకపోవడానికి కారణం ఇదే.

కొనే ముందు

పేరును బట్టి నిర్ణయించకండి. ఏడవ తరం సర్ఫేస్ ల్యాప్‌టాప్‌నే 2025లో వ్యాపార సంస్థల కోసం ఇంటెల్ ప్రాసెసర్‌తోనూ విడుదల చేశారు. దుకాణంలోనే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్ తెరిచి ‘సిస్టమ్ టైప్’ ఎదుట ఏముందో చదవండి. ఆర్మ్ అని ఉంటే, మీ యంత్రాల తయారీదారులు ఆర్మ్64 డ్రైవర్ ఇస్తున్నారో లేదో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఆర్మ్ ల్యాప్‌టాప్‌లో పాత లెక్కల ప్రోగ్రామ్ నడిచి, పాత స్కానర్ నడవకపోతే, ఆ తేడాకు కారణాన్ని నాలుగు వాక్యాలలో వివరించండి.